నల్ల ఒంటికి వేరే కాంటా

వడ్లు కొనేటోడు రైతును ముంచాలంటే గల్లా పట్టి గుంజుకోవాల్సిన పని లేదు. కాంటా తన చేతిలో ఉంటే చాలు. బస్తాకు ఇంత తరుగు అంటడు. ఎందుకని అడిగితే తేమ అంటడు, తాలు అంటడు, ఆఖరికి రూలు అంటడు. రైతు ఎదురు మాట్లాడలేడు. ఎందుకంటే కండ్ల ముందట అంకె కనబడుతున్నది. అంకె అబద్ధం చెప్పదని లోకం నమ్ముతది. మరి కాంటానే అబద్ధమైతే?

అమెరికా ఆసుపత్రులలో నల్లజాతి రోగులకు జరిగింది అచ్చంగా ఇదే. పేదలు కాబట్టి వైద్యం అందలేదు, ఇన్సూరెన్స్ లేదు కాబట్టి చచ్చిపోయిండ్రు అనే మాట మనం చాలాసార్లు విన్నం. అది నిజమే కానీ సగం నిజమే. మిగిలిన సగం ఏందంటే, వాళ్ల కిడ్నీలను, ఊపిరితిత్తులను, మెదడును, చివరికి వాళ్ల బాధను కొలిచే కాంటాలనే వేరుగా తయారు చేసిండ్రు. ఆ కాంటాల మీద వాళ్ల రోగం ఎప్పుడూ తక్కువే తూగింది. వాళ్ల కోపం మాత్రం రోగంగా తూగింది.

పైసలున్నా తప్పని వివక్ష

అమెరికా కాంగ్రెస్ అడిగితే ఆ దేశపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2002లో ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. ఆదాయం సమానంగా ఉన్నా, ఇన్సూరెన్స్ సమానంగా ఉన్నా నల్లజాతి, ఇతర మైనారిటీ రోగులకు తక్కువ నాణ్యత గల వైద్యమే అందుతున్నదని ఆ నివేదిక తేల్చింది. అంతకు ఒక్క ఏడాది ముందు, 2001లో, సర్జన్ జనరల్ డేవిడ్ శాచర్ మానసిక ఆరోగ్యం మీద ఇచ్చిన నివేదిక కూడా ఇదే చెప్పింది. మైనారిటీలకు మానసిక వైద్యం దొరకుడే తక్కువ, దొరికినా నాణ్యత తక్కువ అని.

ఆ నివేదికలు వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. 2023 లెక్కలు చూడుండ్రి. అమెరికాలో ప్రతి లక్ష జననాలకు చనిపోయిన తెల్లజాతి తల్లులు 14.5 మంది అయితే, నల్లజాతి తల్లులు 50.3 మంది. మూడు రెట్లకు పైన. ఇది ప్రపంచంలో అందరికంటే ఎక్కువ డబ్బు వైద్యం మీద పెట్టే దేశం సంగతి.

సుసాన్ మూర్ సంగతి యాది చేసుకోవాలె. ఇండియానా రాష్ట్రంలో ఆమె స్వయంగా డాక్టరు. నల్లజాతి మహిళ. 2020 చివర కరోనాతో ఆసుపత్రిలో చేరింది. నొప్పి అంటే నమ్మలేదని, నేను తెల్లదాన్నయితే ఇట్ల చేసేటోళ్లు కాదని మంచం మీది నుంచే వీడియో తీసి లోకానికి చెప్పింది. ఆ డిసెంబర్‌లోనే చనిపోయింది. తర్వాత ఆసుపత్రి బయటివాళ్లతో విచారణ చేయించింది. చావుకు వైద్యంలో లోపం కారణం కాదన్నది. కానీ ఆమెతో మెలిగిన తీరులో సానుభూతి లేదని ఒప్పుకున్నది. రోగి భాష తెలిసిన డాక్టరుకే, వైద్యం లోతు తెలిసిన మనిషికే నొప్పిని నమ్మించుకునే తిప్పలు వస్తే, ఆఫీసులు ఊడ్చే ఆమె మాట ఎవరు వింటరు?

ఆ నమ్మకపోవుడు ఎక్కడి నుంచి వస్తది? వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించిండ్రు. 222 మంది తెల్లజాతి వైద్య విద్యార్థులను, జూనియర్ డాక్టర్లను అడిగితే దాదాపు సగం మంది నల్లజాతి ఒంటి గురించి ఏదో ఒక అబద్ధాన్ని నిజమని నమ్ముతున్నరు. వాళ్ల చర్మం మందం, అందుకే నొప్పి తక్కువ అనే రకం నమ్మకాలు అవి. అట్ల నమ్మినోళ్లు నల్లజాతి రోగి నొప్పిని తక్కువ చేసి అంచనా వేసిండ్రు, మందు రాసుట్ల కూడా తప్పిండ్రు. ఇది బానిసత్వం నాటి తోటల్లో పుట్టిన అబద్ధం. చదువుకున్న పిల్లల బుర్రల్లో 21వ శతాబ్దం దాకా బతికే ఉన్నది.

కిడ్నీకి కులం పెట్టిన సూత్రం

మనిషి మనసులో ఉండే వివక్షను కనీసం నిలదీయొచ్చు. సూత్రంలో దాక్కున్న వివక్షను పట్టుకునుడు కష్టం. దీనికి కిడ్నీ లెక్క కంటే మంచి ఉదాహరణ లేదు.

కిడ్నీ ఎంత పని చేస్తున్నదో తెలుసుకునేందుకు రక్తంలో క్రియాటినిన్ చూసి ఒక సూత్రంతో లెక్క కడుతరు. మన ల్యాబ్ రిపోర్టులలో కూడా ఈజీఎఫ్ఆర్ అని కనబడే అంకె అదే. 1999లో అమెరికాలో వచ్చిన సూత్రంలో రోగి నల్లజాతి అయితే ఫలితాన్ని దాదాపు 1.2తో గుణించాలని పెట్టిండ్రు. 2009లో వచ్చిన మరో సూత్రంలో అది 1.16 అయింది. నల్లజాతి వాళ్లకు కండ ఎక్కువ, అందుకే క్రియాటినిన్ ఎక్కువ అనేది వాళ్లు చెప్పిన కారణం. ఎవరి కండను తూచిండ్రు? బక్కపల్చని నల్లజాతి ముసలామెకు, దిట్టంగా ఉన్న తెల్లజాతి పైల్వాన్‌కు ఒకటే లెక్కనా?

దీని దెబ్బ ఎక్కడ తగిలిందో చూడుండ్రి. కొత్త కిడ్నీ కోసం ఎదురుచూసే వరుసలో సమయం లెక్క మొదలు కావాలంటే ఈ అంకె 20 లేదా అంతకంటే తక్కువకు పడిపోవాలె. ఒకటే వయసు, ఒకటే రక్తం ఉన్న ఇద్దరు మగవాళ్లు వచ్చిండ్రు అనుకుందాం. తెల్లాయన అంకె 18. ఆయన వరుసలో చేరిండు. నల్లాయన అంకెను 1.2తో గుణిస్తే 21 దాటింది. 'నీ కిడ్నీ ఇంకా బాగనే ఉన్నది, ఇంటికి పో' అన్నరు. పాడైన కిడ్నీ కాగితం మీద బాగుపడింది. డయాలసిస్ మీద బతుకుతున్న అమెరికన్లలో దాదాపు మూడో వంతు నల్లజాతి వాళ్లే. జనాభాలో వాళ్లు ఏడో వంతు కూడా లేరు. ఎవరికి రోగం ఎక్కువో వాళ్లకే వరుసలో జాగ ఆలస్యం చేసిన సూత్రం ఇది.

ఊపిరితిత్తుల కథ ఇంకా పాతది. ఎంత గాలి పీల్చి వదులుతరో కొలిచే స్పైరోమీటర్‌ను బానిసల మీద వాడి, వాళ్ల ఊపిరి తెల్లవాళ్ల కంటే 20 శాతం తక్కువని లూసియానా డాక్టరు శామ్యూల్ కార్ట్‌రైట్ 19వ శతాబ్దం నడుమ రాసిండు. తిండి, ఇరుకు కొట్టాలు, దుమ్ము అతనికి కనబడలేదు. కనబడింది చర్మం రంగు ఒక్కటే. ఆ తరుగు తర్వాతి కాలంలో 'జాతి సవరణ' పేరుతో మిషన్లలో స్థిరపడింది. 1978లో పత్తి దుమ్ము నుంచి కార్మికులను కాపాడేందుకు అమెరికా పెట్టిన నిబంధనలోనే నల్లజాతి కార్మికుని మామూలు ఊపిరిని 0.85తో గుణించాలని ఉన్నది. అంటే అతని ఊపిరి 15 శాతం తక్కువున్నా 'నీకు ఇదే మామూలు' అని అర్థం. 1999లో బాల్టిమోర్‌లో ఆస్‌బెస్టాస్ కంపెనీ ఒకటి ఇదే తరుగును పట్టుకొని, నల్లజాతి కార్మికులు పరిహారం అడగాలంటే ఊపిరి ఇంకా ఎక్కువ చెడిపోయినట్టు చూపాలని కోర్టులో వాదించింది. సూత్రం ఎవరికి లాభమో ఇంతకంటే విప్పి చెప్పాల్నా?

మెదడును కూడా వదలలేదు. తలకు దెబ్బలు తగిలి మతిమరుపు వచ్చిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లకు పరిహారం ఇచ్చే ఒప్పందంలో, నల్లజాతి ఆటగాని తెలివి మొదటి నుంచే తక్కువ అనే కొలమానం వాడిండ్రు. మొదలు తక్కువ అనుకుంటే పోయింది కూడా తక్కువే అయితది కదా! ఇద్దరు నల్లజాతి మాజీ ఆటగాళ్లు 2020లో కేసు వేస్తే, 2021లో లీగ్ ఆ కొలమానం ఆపుతమని ఒప్పుకున్నది. 2022లో కోర్టు సవరణకు ముద్ర వేసింది.

ఎదురు తిరిగితే పిచ్చి

ఇగ మనసు సంగతి. ఉద్యమాల్లో తిరిగినోళ్లకు ఒక మాట కొత్త కాదు: 'వీళ్లకు పిచ్చి లేసింది.' అమెరికా మానసిక వైద్యం ఈ తిట్టును రోగం పేరుగా మార్చి పుస్తకాలకు ఎక్కించింది.

1840 జనాభా లెక్కల్లో ఒక వింత బయటపడ్డది. ఉత్తరాది రాష్ట్రాల్లో స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లలో పిచ్చి, దక్షిణాది బానిసల కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ ఉన్నదట! దాన్ని పట్టుకొని విదేశాంగ మంత్రి జాన్ కాల్హూన్ 1844లో, స్వేచ్ఛ వీళ్లకు పడదు, బానిసత్వమే మంచిదని వాదించిండు. ఆ లెక్క తప్పుల తడక. ఒక్క నల్లవాడు కూడా లేని ఊర్లలో నల్లజాతి పిచ్చివాళ్లను రాసిండ్రు. మసాచుసెట్స్‌లోని వుస్టర్‌లో పిచ్చాసుపత్రిలో ఉన్న 133 మంది తెల్లవాళ్లను నల్లవాళ్ల ఖాతాలో ఎక్కించిండ్రు. డాక్టరు పట్టా పొందిన తొలి నల్లజాతి అమెరికన్ జేమ్స్ మెక్యూన్ స్మిత్ ఈ లెక్కను ముక్కలు ముక్కలు చేసి చూపించిండు. ఆయనకు అమెరికా కాలేజీలు సీటు ఇవ్వకపోతే స్కాట్లండ్‌లోని గ్లాస్గోకు పోయి చదివిండు. తప్పుడు లెక్కను తిప్పికొట్టాలంటే మన దిక్కు కూడా లెక్క వచ్చినోడు ఉండాలె. ఈ నీతిని 1844లోనే ఆయన నేర్పిండు.

1851లో, పైన చెప్పిన అదే కార్ట్‌రైట్ ఒక కొత్త రోగం కనిపెట్టిండు. దాని పేరు డ్రాపెటోమేనియా. లక్షణం: బానిస పారిపోవాలని అనుకునుడు. మందు: కొరడా. సంకెళ్లు తెంచుకోవాలనే కోరిక రోగమట, సంకెళ్లు వేసినోడు ఆరోగ్యవంతుడట! ఇప్పుడు చదివితే నవ్వు వస్తది. కానీ 117 ఏండ్ల తర్వాత, 1968లో, ఇద్దరు సైకియాట్రిస్టులు పేరున్న వైద్య పత్రికలో 'నిరసన ఉన్మాదం' అనే జబ్బును వర్ణించిండ్రు. పౌరహక్కుల ఉద్యమం, నల్లజాతి పోరాట భావాలు కొందరు నల్లజాతి మగవాళ్లలో మతి తప్పిస్తున్నయని రాసిండ్రు. సైకియాట్రిస్టు జొనాథన్ మెట్జిల్ మిషిగన్‌లోని అయోనియా ఆసుపత్రి పాత ఫైళ్లు తిరగేసి పుస్తకం రాసిండు. ఒకప్పుడు స్కిజోఫ్రీనియా ముద్ర ఎక్కువగా తెల్లజాతి రోగుల మీద ఉండేది. 1960ల తర్వాత అది డెట్రాయిట్ నల్లజాతి మగవాళ్ల మీదికి మారింది. మనుషుల మెదళ్లు మారలేదు. వీధుల్లో ఊరేగింపులు మొదలైనయి, అంతే.

ఆ ముద్ర ఇప్పటికీ పోలేదు. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి 2018లో ప్రచురించిన విశ్లేషణలో, నల్లజాతి రోగులకు స్కిజోఫ్రీనియా అని రాయుడు తెల్లవాళ్ల కంటే రెండు రెట్లకు పైగా ఉన్నదని తేలింది. తెల్లవాడు దుఃఖంతో వస్తే డిప్రెషన్. నల్లవాడు అదే దుఃఖంతో వస్తే కోపం, అనుమానం, ఉన్మాదం. తప్పు ముద్ర పడితే తప్పు మందు పడుతది. అసలు దుఃఖం అట్లనే ఉండిపోతది. 2018 నుంచి 2021 దాకా, 10 నుంచి 24 ఏండ్ల నల్లజాతి పిల్లల్లో ఆత్మహత్యల రేటు 36.6 శాతం పెరిగింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన చరిత్రలోని జాతి వివక్షకు 2021 జనవరిలో క్షమాపణ చెప్పింది. చెప్పినందుకు సంతోషం. కానీ 170 ఏండ్లు పట్టింది.

కాంటా ఎవరు మార్చిండ్రు?

ఈ కాంటాలను వాటంతట అవి ఎవరూ సరిచెయ్యలేదు. అడిగినోళ్లు ఉన్నరు కాబట్టి మారినయి.

1960ల దాకా దక్షిణాది ఆసుపత్రులలో నల్లవాళ్లకు వేరే వార్డులు. కొన్నిట్ల అసలు ప్రవేశమే లేదు. 1964 పౌరహక్కుల చట్టం వచ్చింది. 1966లో వృద్ధుల వైద్యానికి మెడికేర్ నిధులు మొదలైనయి. వేరే వార్డులు ఎత్తేయని ఆసుపత్రికి పైసా రాదని ప్రభుత్వం తెగేసి చెప్పింది. తరాలుగా కదలని గోడలు కొన్ని నెలల్లోనే కూలినయి. మనసులు మారేదాకా ఆగుదామని ప్రభుత్వం కూసోలేదు. నిధుల సంచి మూతి పట్టుకున్నది.

సర్కారు చెయ్యని పనిని ఉద్యమం చేసి చూపించింది. బ్లాక్ పాంథర్ పార్టీ 1960ల చివరి నుంచి బస్తీల్లో ఉచిత దవాఖానాలు పెట్టింది. ఎక్కువగా నల్లవాళ్లకు వచ్చే సికిల్ సెల్ రక్తహీనతకు ఇంటింటికీ పోయి పరీక్షలు చేసింది. 1972లో నిక్సన్ ప్రభుత్వం ఆ జబ్బు మీద చట్టం తేక తప్పలేదు. అదే 1972లో అలబామాలోని టస్కీగీ ఘోరం బయటపడ్డది. సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పేదలకు, పెన్సిలిన్ వచ్చినంక కూడా మందు ఇయ్యకుండా, రోగం ఎట్ల ముదురుతదో ప్రభుత్వ వైద్యులే 40 ఏండ్లు చూసుకుంట కూసున్నరు. 'నల్లవాళ్లు డాక్టర్లను నమ్మరు' అని ఫిర్యాదు చేసేటోళ్లు ముందుగాల ఈ 40 ఏండ్లకు జవాబు చెప్పాలె.

కిడ్నీ సూత్రాన్ని కదిలించింది కూడా పెద్దపెద్ద కమిటీలు కాదు. క్లాసులో చెయ్యి లేపి 'నలుపుకు గుణకారం ఎందుకు సార్' అని అడిగిన వైద్య విద్యార్థులు, వనెస్సా గ్రబ్స్ వంటి నల్లజాతి కిడ్నీ డాక్టర్లు. 2014 డిసెంబర్‌లో పోలీసు హత్యలకు నిరసనగా తెల్లకోట్లతో నేల మీద పడుకున్న విద్యార్థి తరమే ఆసుపత్రుల లెక్కలనూ ప్రశ్నించింది. ఒక్కొక్క ఆసుపత్రి ఆ గుణకారం వదిలేసింది. 2021లో జాతీయ సంఘాలు జాతి లేని కొత్త సూత్రం ఇచ్చినయి. 2023 జనవరి నుంచి అవయవ మార్పిడి వ్యవస్థ ఇంకో అడుగు వేసింది. పాత సూత్రం వల్ల నష్టపోయిన నల్లజాతి రోగులకు పోయిన సమయాన్ని తిరిగి కలపాలని ఆదేశించింది. 14 వేల మందికి పైగా వరుసలో ముందుకొచ్చిండ్రు. తప్పు దిద్దుడు ఒక్కటే కాదు, పోయినదాన్ని తిరిగి ఇచ్చుడు అంటే ఇదీ.

ఇక్కడ ఒక ప్రశ్న నిజాయితీగా అడిగేటోళ్లున్నరు. జాతుల మధ్య జన్యు తేడాలు లేవా, సూత్రంలోంచి తీసేస్తే లెక్క తప్పదా అని. తేడా ఉంటే దాన్నే కొలవాలె. పశ్చిమాఫ్రికా మూలాలున్న కొందరిలో కిడ్నీ జబ్బు ముప్పు పెంచే ఏపీఓఎల్1 జన్యు రూపం ఉన్నది నిజం. దానికి రక్త పరీక్ష ఉన్నది. అది నల్లవాళ్లందరిలో లేదు. చర్మం చూసి జన్యువును ఊహించుడు సైన్సు కాదు, సోమరితనం.

ఇంకో దిక్కు నుంచి ఇంకో వాదన వస్తున్నది. సూత్రంలో జాతి వద్దన్నరు కదా, మరి లెక్కల్లో మాత్రం జాతి ఎందుకు అని. 2025లో ట్రంప్ ప్రభుత్వం జాతి అసమానతల మీద జరుగుతున్న ఎన్నో ఆరోగ్య పరిశోధనల నిధులు రద్దు చేసింది. అవి కోర్టులకెక్కినయి. ఈ వాదనలోని మెలిక మనం పట్టుకోవాలె. రోగాన్ని కొలిచే సూత్రంలో జాతి ఉండొద్దు. అన్యాయాన్ని కొలిచే లెక్కలో జాతి ఉండి తీరాలె. మొదటిది పక్షపాతం. రెండోది సాక్ష్యం. లెక్క ఆపితే తల్లుల చావులు ఆగవు. 50.3 అనే అంకె మాత్రం మాయమైతది.

మన వేలికి పెట్టిన మిషన్

ఇది ఏడు సముద్రాల అవతలి ముచ్చట అనుకుంటే పొరపాటు. 2021 ఏప్రిల్, మే నెలల్లో మన ఇండ్లల్లో ప్రతి వేలికి ఆక్సీమీటర్ ఎక్కింది. 94 కంటే తగ్గితేనే దవాఖానకు అన్నరు. ఆ మిషన్ వెలుతురును చర్మం గుండా పంపి లెక్క కడుతది. చర్మం నల్లగుంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపించే ప్రమాదం ఉన్నది. 2020 డిసెంబర్‌లో మిషిగన్ డాక్టర్లు బయటపెట్టిన లెక్క ఇది: మిషన్ 92 నుంచి 96 దాకా చూపిన సమయంలో అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్నది తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. అమెరికా ఎఫ్‌డీఏ 2021 ఫిబ్రవరిలోనే హెచ్చరిక ఇచ్చింది. మన ఊర్లలో కొన్న డబ్బాల మీద ఆ హెచ్చరిక ఎవరు చదివిండ్రు? ఎండకు మాడిన కూలీ వేలు మీద ఆ అంకెను ఎవరు అనుమానించిండ్రు?

సికిల్ సెల్ కూడా నల్ల అమెరికాకే పరిమితం కాదు. 1952లోనే నీలగిరి ఆదివాసుల్లో దాన్ని గుర్తించిండ్రు. మన ఆదిలాబాద్ గోండు గూడేలు, ఏజెన్సీ పల్లెలు దాన్ని ఎరుగుదురు. దేశవ్యాప్త నిర్మూలన మిషన్ మొదలైంది 2023 జులైలో. నడుమ 71 ఏండ్లు. అమెరికాలో దానికి 2023 డిసెంబర్‌లో జన్యు చికిత్సలు వచ్చినయి. ఒక్కొక్కదాని ధర 20 లక్షల డాలర్ల పైన. ఏ గూడెంకు చేరుతది అది? అభయ్ బంగ్ నాయకత్వంలోని నిపుణుల కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక ఆదివాసుల ఆరోగ్యం మీద సరైన లెక్కలే కరువని మొత్తుకున్నది. కాంటా తప్పుదైతే కొట్లాడొచ్చు. కాంటానే లేకపోతే?

అమెరికాలో ఉన్న మన తెలుగు బిడ్డల సంగతి కూడా ఇందులో ఉన్నది. 'ఏషియన్లు బాగనే ఉన్నరు' అని ఒకటే మూటలో కట్టిండ్రు. మానసిక ఇబ్బంది వచ్చినా వైద్యానికి పోవుడు అన్ని జాతుల కంటే ఏషియన్లలోనే తక్కువ. వీసా భయం, అప్పు భయం, నలుగురు ఏమనుకుంటరో అనే భయం. అక్కడి ఆసుపత్రులలో మన డాక్టర్లు మస్తుగున్నరు. ఆ కాంటాల పక్కన నిలబడి తూకం చదివేది వాళ్లే. ఎవరి దిక్కు నిలబడాల్నో వాళ్లు కూడా తేల్చుకోవాలె.

లెక్కలు అడుగుడు మనకు కొత్త కాదు. నీళ్ల లెక్క, కొలువుల లెక్క అడిగినోళ్లం. దవాఖాన లెక్క కూడా అట్లనే అడగాలె. ఏ ఏజెన్సీ మండలంలో ఎందరు బాలింతలు పోయిండ్రు, ఏ కులం, ఏ తెగ? జిల్లా దవాఖానలో ఎవరికి మానసిక డాక్టరు దొరికిండు, ఎవరికి తిట్లు దొరికినయి? కొన్న మిషన్‌ను మన చర్మం మీద పరీక్షించిండ్రా? వైద్య విద్యార్థులు క్లాసులో అడగాలె. ఉద్యోగులు ఫైలు మీద అడగాలె. అడిగినోనికి పిచ్చి అని ముద్ర వేస్తే, కార్ట్‌రైట్ పేరు యాది చేసి నవ్వుండ్రి. అడుగుడు మాత్రం ఆపొద్దు.